తగ్గిన కూలెంట్ ఎటు పోయింది? ఇంట్లోనే కారు లెవెల్స్ చూసుకోవడం నేర్చుకున్నాను

ఆదివారం ఉదయం ఆరున్నరకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేను కారు బానెట్ ఎత్తి నిలబడితే ఇప్పుడెవరూ ఆగి అడగడం లేదు. మొదట్లో అడిగేవాళ్ళు. "ఏమైంది టీచర్ గారూ, బండి స్టార్ట్ కావట్లేదా?" అంటూ వాచ్‌మన్ వచ్చేవాడు. మూడో ఫ్లోర్ అంకుల్ గారైతే వాకింగ్ ఆపేసి, బ్యాటరీ మార్చమని సలహా కూడా ఇచ్చారు. బండికి ఏమీ కాలేదు, ఆయిలూ నీళ్ళూ చూస్తున్నానని చెబితే, "సర్వీసింగ్‌లో చూస్తారు కదమ్మా" అన్నారు. నిరుడు మే నెల దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. గుంటూరు నుంచి మా స్కూలుకి రానూపోనూ 50 కిలోమీటర్లు. మా వారి ఉద్యోగం వేరే ఊళ్ళో కాబట్టి బండి మంచిచెడ్డలన్నీ నావే. నిరుడు మే నెలలో నరసరావుపేటలో బంధువుల పెళ్ళి చూసుకుని, అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరిగి వస్తున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. ఫిరంగిపురం దాటాక ఏసీలోంచి వేడి గాలి రావడం మొదలైంది. ఎండకేమో అనుకుని ఫ్యాన్ పెంచాను. ఇంకాస్త దూరం వెళ్ళేసరికి మీటర్ బోర్డులో ఎర్ర దీపం వెలిగింది. మా బండిలో వేడి చూపించే ముల్లు లేదు. చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మరీ వేడెక్కితే ఎరుపు, అంతే. అంటే ఎర్ర దీపం కనబడేసరికే ఆలస్యమైపోయిందన్నమాట.

రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఆపి ఇంజన్ కట్టేశాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మాడుతున్న పాకంలా తియ్యటి వాసన. బైక్ మీద వెళ్తున్న కుర్రాడొకడు సాయం చేద్దామని ఆగి, తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పబోయాడు. పక్కన సోడా కొట్టు పెద్దాయన అక్కడినుంచే కేక వేశాడు: "ముట్టుకోమాక! మొహం కాలిపోద్ది." ఆ కేక లేకపోతే ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రేడియేటర్ పనిచేసేది ప్రెషర్ కుక్కర్ లాగే. మూత బిగిసి ఉండడం వల్ల లోపల ఒత్తిడి పెరిగి, నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, నీళ్ళన్నీ ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతాయి. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీయకూడదని మనకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కానీ, కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదేదో వేరే యంత్రం అనుకుంటాం.

గంటకు పైగా అక్కడే కూర్చున్నాం. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, పైగా సోడా తాగమని నన్నే బతిమాలింది. చల్లారాక చూస్తే, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఉండాల్సిన తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో చుక్క లేదు. రికవరీ బండిలో గుంటూరు చేరాం. దానికి సరిగ్గా మూడు వారాల ముందే బండి సర్వీసింగ్ చేయించాను. ఆ కాగితం ఇంట్లో వెతికి తీశాను. 'కూలెంట్' అన్న గడిలో టిక్కు ఉంది. చాలా కోపం వచ్చింది. వాళ్ళ దగ్గరికే వెళ్ళి అడిగితే, కూలెంట్ నింపి, "ఇప్పుడు ఫుల్ ఉంది మేడమ్, ఇక టెన్షన్ లేదు" అన్నారు.

ఆ టిక్కు గురించి తర్వాత చాలా ఆలోచించాను. అది అబద్ధం కాకపోవచ్చు. సర్వీసింగ్ రోజున డబ్బా నిండుగానే ఉండి ఉంటుంది. ఆ రోజు ఎంత ఉందో చూశారు, టిక్కు పెట్టారు. అంతకుముందు ఎంత ఉండేదో, తగ్గుతూ వస్తోందో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది? అది తెలిసే అవకాశం ఉన్నది రోజూ నడిపే నాకే. నేనేమో అప్పటిదాకా బానెట్ ఎత్తే మీట ఎక్కడుందో కూడా చూసుకోలేదు.

ముందుగా గ్లవ్ బాక్స్‌లో ప్లాస్టిక్ కవర్లో పడి ఉన్న మాన్యువల్ తీశాను. పాఠం తయారుచేసుకున్నట్టు పెన్సిల్ పట్టుకుని చదివాను. ఏ ఆయిల్ పోయాలి, ఎంత పడుతుంది, బ్రేక్ ఆయిల్ ఏ రకం, ఏ డబ్బా ఎక్కడుంది, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ఎవరి బండి మాన్యువల్ వాళ్ళు చదువుకోవాలి. ఒక బండి లెక్క ఇంకోదానికి సరిపోదు. తర్వాత కావలసిన సామాను దగ్గర పెట్టుకున్నాను: పాత బనియన్ గుడ్డ ముక్కలు, టార్చి, చిన్న గరాటు, చేతులకి తొడుగులు, పాత న్యూస్ పేపర్లు, ఒక పర్మనెంట్ మార్కర్. చివరగా వంటింట్లో తగిలించిన తెలుగు క్యాలెండర్. మా ఇంట్లో గ్యాస్ బండ పెట్టిన తేదీ, పాలు రాని రోజులు దాని మీదే రాస్తాం. కారు లెక్కలు కూడా అక్కడే మొదలుపెట్టాను.

మొదట నేర్చుకున్నది ఇంజన్ ఆయిల్ చూడడం. తప్పు చేసింది కూడా అక్కడే. బండి చదునైన చోట ఉండాలి. ఇంజన్ ఆపి పది నిమిషాలైనా ఆగాలి, లేకపోతే పైనున్న ఆయిల్ అడుగుకి దిగదు, తక్కువ చూపిస్తుంది. తర్వాత పసుపు పచ్చ పిడి ఉన్న గేజ్ కడ్డీ బయటికి లాగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ పూర్తిగా లోపలికి దించి, రెండోసారి తీసినప్పుడు చూడాలి. మొదటిసారి తీసినప్పుడు కడ్డీ పొడవునా అంటుకున్న ఆయిల్ లెక్కలోకి రాదు. కడ్డీ చివర రెండు గుర్తులుంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి.

నేను ఇవన్నీ పాటించాను. ఆయిల్ కింది గుర్తు దగ్గరే కనబడింది. కంగారుపడి, మాన్యువల్‌లో చెప్పిన 5డబ్ల్యూ-30 ఆయిల్ కొనుక్కొచ్చి అర లీటరు ఒకేసారి పోసేశాను. సాయంత్రం బండి బయటికి తీసి, రోడ్డు మీద పెట్టి ఇంకోసారి చూస్తే పై గుర్తు దాటిపోయింది! ఉదయం అంత తక్కువ ఎందుకు చూపించిందో అర్థం కాలేదు. సెల్లార్‌కి వెళ్ళి మా స్లాట్‌లో ఒక మగ్గు నీళ్ళు పోసి చూశాను. నీళ్ళు చకచకా డ్రెయిన్ వైపు పారాయి. కడిగిన నీళ్ళు నిలవకుండా సెల్లార్ నేలని వాలుగానే వేస్తారు. ఆ వాలుకి ఆయిల్ ఒక పక్కకి చేరి, కడ్డీ ఉన్న వైపు తక్కువ కనబడింది. కంటికి చదునుగా కనిపించిన నేల చదును కాదు.

మా వీధి చివర షెడ్డు ఉన్న మెకానిక్ బాబాయ్‌కి ఫోన్ చేశాను. నలభై ఏళ్ళుగా ఆ పనిలోనే ఉన్న మనిషి. "స్టార్ట్ చేయమాకమ్మా, నేనే వస్తా" అని వచ్చి, కింద బోల్టు వదులు చేసి ఎక్కువైన ఆయిల్ తీసేశారు. ఆయిల్ ఎక్కువైతే మంచిదేగా అనుకుంటాం. కాదు. అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌లో మునిగితే కవ్వంతో చిలికినట్టు చిలుకుతుంది, నురగ కడుతుంది. నురగలో ఉండేది గాలి కాబట్టి ఇంజన్‌కి అందాల్సిన జిడ్డు అందదు. మా బండికి మొత్తం పట్టేదే దాదాపు 3 లీటర్లు. అందులో అర లీటరు అంటే చిన్న తేడా కాదు. ఆ రోజు నుంచి ఆయిల్ చూడాలంటే బండిని గేటు బయట, మునిసిపాలిటీ వాళ్ళు కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీదే పెడతాను, ప్రతిసారీ అదే చోట. పోయాల్సి వస్తే 100 మి.లీ. పోసి, కాసేపు ఆగి, చూసి, అప్పుడే ఇంకో 100.

రంగు గురించి కూడా బాబాయ్ దగ్గరే తెలుసుకున్నాను. ఆయిల్ నల్లబడిందని వెంటనే పాడైపోయినట్టు కాదు, లోపలి మసిని కడిగి తనలో పట్టి ఉంచడం దాని పని. డీజిల్ బండిలో అయితే కొత్త ఆయిల్ పోసిన కొద్దిరోజులకే నల్లబడుతుంది. భయపడాల్సింది పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే. అలా మారితే ఇంజన్‌లోకి కూలెంట్ చేరి ఉండొచ్చు, బండి కదపకూడదు. నా బండి వేడెక్కిన తర్వాత ఆయన మొదట చూసింది అదే. కడ్డీనీ, ఆయిల్ పోసే మూత లోపలి వైపునీ టార్చి వేసి చూసి, "హెడ్ గ్యాస్కెట్ బతికే ఉంది, నువ్వు వెంటనే ఇంజన్ కట్టేయబట్టి" అన్నారు. ఇంజన్ లోపల కూలెంటూ ఆయిలూ కలవకుండా అడ్డుగా ఉండే పొర అది.

అసలు దొంగ దొరికింది మాత్రం కూలెంట్ లెక్కలో. కూలెంట్‌ని పూర్తిగా చల్లారిన ఇంజన్ మీదే చూడాలి, అందుకే ఉదయం ఆరున్నర. తెల్ల డబ్బా మీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. మూత తీయనక్కర్లేదు, వెనక నుంచి టార్చి వేస్తే నీడలా కనబడుతుంది. రేడియేటర్ మూత జోలికి అసలు పోను. సర్వీసింగ్‌లో నింపి ఇచ్చిన మర్నాడు పొద్దున, లెవెల్ ఎక్కడుందో అక్కడ మార్కర్‌తో సన్నటి గీత గీశాను. క్యాలెండర్‌లో తేదీ పక్కన 'కూ' అని రాశాను. వారం తర్వాత లెవెల్ ఆ గీతకి కాస్త కింద ఉంది. అక్కడ ఇంకో గీత. ఇంకో వారానికి ఇంకాస్త కింద. మూడో ఆదివారానికి మొదటి గీతకీ లెవెల్‌కీ మధ్య బొటనవేలు పట్టేంత ఎడం వచ్చింది. అప్పటికీ అది రెండు గీతల మధ్యే ఉంది. ఆ రోజు ఎవరైనా చూసి ఉంటే టిక్కే పెట్టేవాళ్ళు!

మరి ఎటు పోతోంది? రాత్రి బండి కింద న్యూస్ పేపర్లు పరిచి ఉంచాను. పొద్దునకి పొడిగానే ఉన్నాయి. స్కూలు నుంచి రాగానే పరిస్తే తడిసేవి కానీ, ముట్టుకుంటే మామూలు నీళ్ళు, రంగూ జిగురూ ఏమీ లేవు. అది ఏసీ నీళ్ళు. కూలెంట్ అయితే రంగు ఉంటుంది, వేళ్ళ మధ్య జారుతుంది. కారుతున్న ఆనవాలు ఎక్కడా లేదు, అయినా తగ్గుతోంది. మూడు ఆదివారాలు ఇదే ఆలోచన. నాలుగోసారి టార్చి పట్టుకుని రబ్బరు పైపుల వెంట ఒక్కో అంగుళం చూసుకుంటూ పోయాను. రేడియేటర్ కింది పైపు బిగించిన క్లిప్పు దగ్గర, ఉప్పు ఆరి పేరుకున్నట్టు లేత గులాబీ రంగు పొర కనబడింది. మా బండిలో పోసిన కూలెంట్ గులాబీ రంగుదే.

ఆ ఫోటోలు, క్యాలెండర్ పేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. బాబాయ్ ముందు క్యాలెండర్ చూశారు. "వారానికి ఇంత చొప్పున అంటే ఇది ఆవిరైపోయేది కాదు, ఎక్కడో ఊరుతోంది" అన్నారు. రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు లాంటిది బిగించి గాలి కొట్టారు. ఒత్తిడి ఎక్కగానే ఆ క్లిప్పు వెనక, పైపు మెడలో వెంట్రుకంత పగులు తెరుచుకుని చెమట పట్టినట్టు కూలెంట్ ఊరింది. ఇంజన్ వేడిగా ఉండి ఒత్తిడి ఉన్నప్పుడే కారుతుంది. ఆ వేడికే ఆరిపోతుంది కాబట్టి నేల మీద చుక్క పడదు. బండి చల్లారాక ఒత్తిడి తగ్గి పగులు మూసుకుంటుంది. పేపర్లు ఎందుకు పొడిగా ఉన్నాయో అప్పుడర్థమైంది. పదేళ్ళ నాటి రబ్బరు, మన ఎండలు. పైపు, రెండు క్లిప్పులు మార్చారు. అంతే పని. వెయ్యి రూపాయల లోపు అయింది.

కూలెంట్ గురించి రెండు మాటలు చెప్పాలి. బోరు నీళ్ళు పోయకండి. మా వైపు బోరు నీళ్ళు గిన్నెల మీదే తెల్లటి పొర కట్టేస్తాయి, రేడియేటర్ సన్నటి గొట్టాల్లో ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు. దారిలో తప్పనిసరై మామూలు నీళ్ళు పోస్తే ఊరు చేరాక మార్పించుకోవాలి. ముందే నీళ్ళు కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంటే నేను తెచ్చుకుంటాను, మాన్యువల్‌లో చెప్పిన రకమే. చిక్కటిది తెచ్చుకుంటే డిస్టిల్డ్ వాటర్ కలుపుకోవాలి. రెండో మాట ఇంకా ముఖ్యం: చాలా కూలెంట్లలో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. సెల్లార్‌లో వీధి కుక్కలు, పిల్లులు తిరుగుతుంటాయి, పిల్లలు ఆడుకుంటుంటారు. చుక్క ఒలికినా వెంటనే తుడిచి నీళ్ళతో కడిగేస్తాను. డబ్బా పై అరలో, పాప చేతికి అందని చోట పెడతాను.

ఇదంతా అయ్యాక బ్రేక్ ఆయిల్ వైపు చూపు పడింది. బానెట్ కింద, ముందు అద్దం పక్కన చిన్న డబ్బా. లెవెల్ కింది గీత దగ్గరికొచ్చింది, ఇంకా దాటలేదు. కూలెంట్ అనుభవం ఉంది కాబట్టి ఈసారి వెంటనే పోయలేదు, బాబాయ్‌ని అడిగాను. చక్రాలు ఊడదీసి చూపించారు. ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగి పలచబడ్డాయి. ప్యాడ్ అరిగిన కొద్దీ దాన్ని నొక్కే పిస్టన్ ముందుకి జరుగుతుంది, దాని వెనక ఏర్పడిన ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, పైన డబ్బాలో తగ్గుతుంది. ఎక్కడా కారలేదు, చోటు మారింది. కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్లని వెనక్కి నొక్కగానే చుక్క పోయకుండానే డబ్బాలో లెవెల్ పైకి వచ్చింది. నా కళ్ళ ముందే! ఆ రోజు నేను గబుక్కున నింపేసి ఉంటే ప్యాడ్లు అరిగాయన్న సంగతి కప్పిపెట్టినట్టయ్యేది. పైగా ప్యాడ్లు మార్చేటప్పుడు ఆయిల్ పొంగి కింద పడేది. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ ఊడిపోతుంది.

ఆయిల్ రంగు కూడా డికాక్షన్‌లా ఉంది. ఎప్పుడు మార్చారో పాత బిల్లుల్లో ఎక్కడా లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, తేమ చేరిన కొద్దీ మరిగే వేడి పడిపోతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ లెక్క 140. ఘాట్ దిగుతూ బ్రేక్ తొక్కుతూనే ఉంటే లోపల మరిగి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అమ్మకి శ్రీశైలం మొక్కు ఉంది. దోర్నాల దాటితే ఘాట్ రోడ్డు. అది తలుచుకుని ఆ రోజే మొత్తం తీయించి కొత్తది పోయించాను. అప్పటినుంచి రెండేళ్ళకోసారి అని రాసుకున్నాను. మూత మీద ఏ రకం అని ముద్రించి ఉంటే ఆ రకమే. సీలు తీసి నెలల తరబడి ఉంచిన సీసాలోది పోయకూడదు, అది కూడా తేమ పీల్చే ఉంటుంది. బ్రేకుల పని మాత్రం నేను చేతులతో చేయను. చూడడం నాది, చేయడం ఆయనది.

మిగతావి తేలిక. మా బండికి కరెంటు స్టీరింగ్ కాబట్టి దాంట్లో ఆయిల్ ఉండదు. గేర్ బాక్స్ ఆయిల్ ఇంట్లో చూసే వీలు లేదు, కడ్డీ ఇవ్వలేదు. బ్యాటరీ సీలు వేసినది. వైపర్ నీళ్ళ డబ్బా అయిపోతే నింపుకోవడమే, గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం పోయకండి, నురగ వచ్చి అద్దం మసకబారుతుంది. ఒక్క జాగ్రత్త: ఆ డబ్బా మూతా, కూలెంట్ డబ్బా మూతా కొన్ని బండ్లలో దగ్గర దగ్గరగా ఉంటాయి. వైపర్ బొమ్మ ఉన్నదే తీయాలి.

దసరా సెలవుల్లో శ్రీశైలం వెళ్ళాం. బయల్దేరే ముందు రోజు పొద్దున అన్నీ చూసి రాసుకున్నాను. వినుకొండలో టిఫిన్, దోర్నాలలో టీ. ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేసి అద్దాలు దించాం, నల్లమల గాలికి అమ్మ చాలా సంతోషపడింది. దిగేటప్పుడు రెండో గేరులోనే, బ్రేకుకి పని తగ్గించి. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున టార్చి వేసి చూస్తే కూలెంట్ వెంట్రుకవాసి కూడా తగ్గలేదు, గీత మీదే ఉంది. టార్చి పట్టుకుంది మా పాప. 'కూ' పక్కన టిక్కు పెట్టింది కూడా తనే.

ఇంజన్ ఆయిల్ మాత్రం తగ్గుతోంది. మొదటి మూడు నెలల్లో 200 మి.లీ., తర్వాతి మూడు నెలల్లో దాదాపు అంతే. బయట ఎక్కడా తడి లేదు, పొగ గొట్టంలో నీలం పొగ కనిపించడం లేదు. పాత ఇంజన్ కొద్దిగా తాగుతుందని, ఈ లెక్క ఇలాగే ఉంటే కంగారు లేదని, పెరిగితే మాత్రం ఆ క్యాలెండర్ పేజీలు తీసుకుని రమ్మని బాబాయ్ చెప్పారు. కొత్త సంవత్సరం క్యాలెండర్ వచ్చినా పాతది పారేయలేదు, దాని వెనకే తగిలించాను. వచ్చే ఆదివారం మళ్ళీ చూడాలి.